ఫ్రిజ్ మీద తాళం

స్కూటీ తాళం మా ఇంట్లో ఫ్రిజ్ మీది స్టీలు గిన్నెలో పడుంటుంది. మొన్న ఆదివారం మావాడు దాన్ని వేలికి తగిలించుకుని తిప్పుతూ వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. "పటమట దాకే అమ్మా. పావుగంటలో వచ్చేస్తా."

వాడికి పదహారు నిండి రెండు నెలలు. ఇంటర్ ఫస్టియర్. క్లాసులో సగంమంది బండ్ల మీదే వస్తారట. నేను దోసె తిప్పుతూనే "కుదర్దు" అన్నాను.

"ఎందుకు?"

చట్టం గుర్తొచ్చింది. 2019లో మార్చారు కదా, మైనర్ బండి నడిపితే అమ్మానాన్నలకే 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు, ఏడాదిపాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు. పిల్లాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సే ఇవ్వరు. అంతా గడగడా అప్పజెప్పేశాను.

"పదహారుకే లైసెన్స్ ఇస్తారుగా?"

"గేర్లు లేని బండికి. అదీ 50 సీసీ లోపుంటేనే. మనది 110."

గెలిచాననుకున్నాను. వాడు ఫోన్ తీసి ఏదో చదువుకుని, "అమ్మా, నీకు తెలీకుండా జరిగిందని నువ్వు నిరూపించుకుంటే నీకు శిక్ష ఉండదట. అయితే చెప్పకుండానే తీసుకెళ్తాలే" అన్నాడు. నవ్వుతూనే అన్నాడనుకోండి. దోసె మాడింది.

తప్పు నాదే. కారణం జరిమానా అని చెబితే, జరిమానా తప్పించుకునే దారే కదా వెతుకుతాడు! నా అసలు భయం పోలీసు కాదు. బెంజి సర్కిల్ దగ్గర సర్వీసు రోడ్డులో ఎవడు ఎటునుంచి వచ్చి పడతాడో తెలీదు. మావాడికేమో సైకిల్ మీద కూడా మలుపులో వెనక్కి చూసే అలవాటు లేదు, చెయ్యి చూపించి తిప్పేయడమే. స్టవ్ కట్టేసి ఆ మాటే చెప్పాను. రోడ్డు దాటే ఏ ముసలాయనకో తగిలితే 25 వేలు కట్టి చేతులు దులుపుకోగలమా అని అడిగాను.

వాడు తాళం గిన్నెలో వేశాడు. వేసి, "మరి నువ్వు పాలప్యాకెట్లకి రాంగ్ రూట్లో వెళ్తావుగా?" అన్నాడు.

వెళ్తాను. యూటర్న్ కావాలంటే దాదాపు అరకిలోమీటరు పోవాలి. "పొద్దున్నే రోడ్డు ఖాళీగా ఉంటుంది" అనబోయి మింగేశాను. హాల్లోంచి మావారు, "నన్నిందులోకి లాగకండి" అన్నారు, ఎవరూ లాగకుండానే. ఆయన హెల్మెట్ హ్యాండిల్‌కే వేలాడుతుంటుంది, పోలీసు కనిపిస్తే తలకెక్కుతుంది.

చివరికి కుదిరిందేమిటంటే, పద్దెనిమిది వచ్చేదాకా వాడు తాళం అడగడు, నేను రాంగ్ రూట్లో పోను. హెల్మెట్ సంగతి వాళ్ల నాన్నతో వాడే తేల్చుకుంటాడట.

సోమవారం యూటర్న్ దాకా పోయి వచ్చేసరికి బూత్‌లో నేను తీసుకునే పాలు అయిపోయాయి. వేరేవేవో పట్టుకుని ఇంటి సందు మొగకి వచ్చి తలెత్తితే, బాల్కనీలో మావాడు, నోట్లో బ్రష్షు పెట్టుకుని, నేను ఎటువైపు నుంచి వస్తానా అని చూస్తున్నాడు.