సీసెరా రథం ఎందుకు దిగాడు?

ఈరోజు స్త్రీల కూడిక మా ఇంట్లోనే. బైబిల్లోని న్యాయాధిపతులు గ్రంథం 4, 5 అధ్యాయాలు చదవడం నా వంతు. పొద్దున పప్పు కుక్కర్‌లో పెట్టి, విజిల్స్ వచ్చేలోపు ఒకసారి చూసుకున్నాను.

హాసోరు రాజు యాబీను 20 ఏళ్లుగా ఇశ్రాయేలీయులను పీడిస్తున్నాడు. అతని సేనాధిపతి సీసెరాకు 900 ఇనుప రథాలు. ఇటు చూస్తే ఖర్జూర చెట్టు కింద కూర్చుని తగవులు తీర్చే దెబోరా, సైన్యాన్ని నడపమంటే "నువ్వు వస్తేనే వెళ్తాను" అని ఆమెతో అనే బారాకు. 10,000 మందితో తాబోరు కొండెక్కారు. యెహోవా సీసెరా సైన్యాన్ని కలవరపరిచాడు, సీసెరా రథం దిగి కాలినడకన పారిపోయాడు. నాలుగో అధ్యాయం చెప్పేది అంతే.

పక్కింటి పిన్ని గారు అక్కడ ఆపారు. "రథం పెట్టుకుని నడిచి పారిపోవడమేంటి అమ్మాయ్?"

ఆ జవాబు ఐదో అధ్యాయంలో, దెబోరా పాటలో దొరుకుతుంది. బైబిల్లోని చాలా పాత హీబ్రూ పద్యాల్లో ఇదొకటని పండితులు అంటారు. మేఘాలు నీళ్లు కురిపించాయట, నక్షత్రాలు తమ దారుల్లోంచే సీసెరాతో పోరాడాయట, కీషోను వాగు వాళ్లను ఊడ్చుకుపోయిందట. కీషోను పారే యెజ్రెయేలు మైదానం చదునైన బరువు నేల. ఎండలో రథాలకు అంతకంటే మంచి చోటు లేదు, వాన పడితే అదే చోట చక్రాలు కూరుకుపోతాయి. "మా నల్లరేగడిలో ట్రాక్టరే కదలదు, ఇంక రథమెంత" అని పిన్ని గారు తేల్చేశారు. ఇశ్రాయేలులో 40,000 మందికి ఒక్క డాలు గానీ ఈటె గానీ లేదని కూడా ఆ పాటే చెబుతుంది. అలాంటి వాళ్లకు ఆ వాన ఏమై ఉంటుందో!

నాకు మాత్రం వానకంటే ఆ పాటలోని హాజరు పట్టీ ఎక్కువ పట్టుకుంది. గెలిపించింది యెహోవాయే అని పాడుతూనే, ఇశ్రాయేలు గోత్రాల్లో ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అని దెబోరా పేరుపేరునా చదువుతుంది. జెబూలూను, నఫ్తాలి ప్రాణాలకు తెగించారు. రూబేను వాళ్లు గొప్ప గొప్ప ఆలోచనలు చేసి, గొర్రెల దొడ్ల దగ్గరే ఉండిపోయారు. (ఇలాంటి వాళ్లు ప్రతి కమిటీలోనూ ఉంటారు.) గిలాదు యొర్దాను అవతలే ఆగింది, దాను ఓడల దగ్గర, ఆషేరు సముద్రపు ఒడ్డున. ఇక మేరోజు అనే ఊరికైతే శాపమే, వాళ్లు యెహోవాకు సహాయం చేయడానికి రాలేదని. దేవుడు మనకు సహాయం చేయాలని రోజూ అడిగే మనకు ఈ మాట కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. ఆ ఊరి పేరు బైబిల్లో మరెక్కడా రాదు.

అసలు సహాయం మన చేతిలో ఉన్న వస్తువులా వాడుకునేది కాదని సమూయేలు మొదటి గ్రంథం చెబుతుంది. శత్రువులైన ఫిలిష్తీయుల చేతిలో 4,000 మంది పోయాక, ఇశ్రాయేలీయులు షిలోహు నుంచి నిబంధన మందసాన్ని, అంటే దేవుని సన్నిధికి గుర్తైన పెట్టెను, యుద్ధానికి మోసుకెళ్లారు. ఈసారి 30,000 మంది కూలారు, మందసమూ పోయింది.

పారిపోయి వచ్చిన సీసెరాను యాయేలు అనే స్త్రీ తన డేరాలో మేకు దిగ్గొట్టి చంపిన సంగతి మా గుంపులో అందరికీ తెలిసిందే, త్వరగా చదివేశాను. చివర్లో సీసెరా తల్లి వస్తుంది. కిటికీలోంచి చూస్తూ, కొడుకు రథం ఇంకా రాలేదేంటని అడుగుతుంది. మా గుంపులో ఒక అక్క "పాపం" అంది. పక్కనున్న స్త్రీలు ఆ తల్లికి చెప్పే ఓదార్పు తర్వాతి వచనాల్లో ఉంది: దోపుడు సొమ్ము పంచుకుంటున్నారేమో, మనిషికి ఒకరిద్దరు ఆడపిల్లల చొప్పున. అది విన్నాక అక్క తన "పాపం" వెనక్కి తీసుకుంది. నేను తీసుకోలేదు. ఓడిన శత్రువు తల్లిని కిటికీ దగ్గర చూపించడం దెబోరాకు ఎగతాళే కావచ్చు, కానీ చూపించింది కదా.

వచ్చే వారం గిద్యోను, 32,000 మందిని 300కి తగ్గించే కథ. చదవడం పిన్ని గారి వంతు. ప్రశ్నలు వేసే వంతు మాది.