తిరుపతిలో రాక్ బ్యాండ్ నడపడం: నా అనుభవం

మా ఊర్లో పాటకు కొదవ లేదు. పొద్దున సుప్రభాతం, సాయంత్రం అన్నమయ్య కీర్తనలు, పెళ్లికి ఆర్కెస్ట్రా. కొదవల్లా డ్రమ్స్ వాయించుకునే చోటుకే. బ్యాండ్ అనగానే ఇల్లు అద్దెకివ్వరు. చివరికి కరకంబాడి రోడ్డులో పాత గోడౌన్ ఒకటి దొరికింది. గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటిస్తే సౌండ్ బయటికి పోదంటారు, నమ్మకండి. లోపల గింగురుమనడం కాస్త తగ్గుతుందేమో గానీ బయటికి పోయే మోత పోతూనే ఉంటుంది. పాత పరుపులు కొని కిటికీలకు అడ్డం పెట్టి, తలుపు సందులు రబ్బరుతో మూసేశాక పక్కింటి పెద్దాయన గొడవ తగ్గింది. పూర్తిగా పోలేదు లెండి.

మొదట్లో కాలేజీ ఫెస్టుల్లో సినిమా పాటలే వాయించేవాళ్లం. చప్పట్లు బాగానే పడేవి, మర్నాటికి మా పేరు ఎవరికీ గుర్తుండేది కాదు. వీడియో పెడితే కాపీరైట్ క్లెయిమ్ ఒకటి. సొంత పాటలు కట్టుకున్నాకే మాకంటూ వినేవాళ్లు తయారయ్యారు. అందులో ముందు నిలబడింది గంగమ్మ జాతర పాట. మే నెలలో జాతరప్పుడు బండ వేషం కట్టినవాళ్లు బూతులు తిడుతూ వీధులెంట తిరుగుతారు, ఎవరూ తప్పుపట్టరు. రాక్‌కు ఇంతకన్నా సరుకు ఇంకేం కావాలి? స్నేర్ అనే డ్రమ్ము కింద గరగరమనే తీగలు వదిలేసి, పలక (డప్పు) దెబ్బను మా డ్రమ్మర్ టామ్స్ అనే డ్రమ్ముల మీదికి తెచ్చాడు. గిటార్ దాని వెనకాలే నడుస్తుంది.

పాటలు వినే యాప్ స్పాటిఫై మన దేశానికి 2019లో వచ్చింది. అందులో ఆర్టిస్టులకు, తమ పాటలు ఏ ఊళ్లో ఎక్కువ వింటున్నారో కనిపిస్తుంది. మాకు తిరుపతి కన్నా బెంగళూరు పైన ఉంది! ఆలోచిస్తే వింతేమీ లేదు. పలమనేరు, కుప్పం, మదనపల్లె కుర్రాళ్లు ఎంతమంది అక్కడ ఉద్యోగాల్లో లేరు? వాళ్లు సంక్రాంతికి ఊరికొస్తారు. అందుకే బెంగళూరులో స్టేజీ కోసం తిరగడం మానేసి, పండగ వారంలో వాళ్ల ఊళ్లలోనే షోలు పెట్టాం. వేలూరులో చదివే మన పిల్లలు చిత్తూరు షోకు బస్సెక్కి వచ్చేస్తారు, ఎంత దూరమని.

అసలు కష్టం సౌండ్‌తో. ఇక్కడి సౌండ్ సర్వీసులన్నీ ఆర్కెస్ట్రాలకు, మీటింగులకు అలవాటుపడినవి. ఆర్కెస్ట్రావాళ్లు వాయించే ఎలక్ట్రానిక్ రిథమ్ ప్యాడ్ వైరు నేరుగా మిక్సర్‌లోకి పోతుంది, పని అయిపోయింది. డ్రమ్ కిట్‌కు అట్లా కుదరదు. కిక్‌కు (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము) ఒక మైకు, స్నేర్‌కు ఒకటి, సింబల్స్ అనే లోహపు పళ్లాలకు పైనుంచి ఒకటన్నా ఉండాలి. పలమనేరు సౌండ్ ఆయన మా కిట్‌ను ఎగాదిగా చూసి, "ప్యాడ్ యాడుంది సామీ?" అన్నాడు. గిటార్ ఆంప్ (గిటార్ సౌండ్ పెంచే పెట్టె) ముందు పాడే మైకునే పెట్టి సర్దుకోవచ్చు, బాగానే పనిచేస్తుంది. కరెంటుతో మాత్రం సర్దుకోలేం. ఎర్తింగ్ సరిగా లేకపోతే గిటార్లోంచి గుయ్యిమని రొద. తీగల మీద చెయ్యి పెడితే తగ్గుతుంది, తీస్తే మళ్లీ మొదలు. పాడేటప్పుడు పెదవి మైకుకు తగిలిందా, చురుక్కుమంటుంది. ఇప్పుడు స్టేజీ కట్టగానే ముందు జనరేటర్ దగ్గరికే పోతాం. ఎర్త్ కడ్డీ పాతిన చోట నేల ఎండిపోయి ఉంటే బిందెడు నీళ్లు పోయిస్తాం. ఆంప్‌లకు, మిక్సర్‌కు ఒకే బోర్డు నుంచి కరెంటు తీయిస్తాం.

మైకు పర్మిషన్‌కు స్టేషన్‌లో అర్జీ ఇవ్వాలి. డీజే కాదు, పాటకచేరి అని ముందే చెప్పుకుంటే సగం ప్రశ్నలు తగ్గుతాయి. రాత్రి 10 దాటితే బయట మైకు మోగకూడదు. ఆ టైమును తినేది ముఖ్య అతిథుల ప్రసంగాలు. వాళ్లను ఆపే ధైర్యం ఎవరికీ లేదు కాబట్టి, జాతర పాటను చివరికి దాచుకోకుండా రెండో పాటగా వాయించేస్తున్నాం.

డబ్బుల సంగతి అడగొద్దు. వ్యాన్ బాడుగ, భోజనాలు పోను మిగిలేది తీగలకు, డ్రమ్ స్టిక్కులకు సరిపోతుంది.

మొన్న పలమనేరు ఆయనే ఫోన్ చేశాడు. "కిక్ మైకు నేనే కొన్నా సామీ, ఈసారి మీది తేవద్దండి" అన్నాడు. దానికి వేరే బాడుగ వేస్తాడేమో చూడాలి.