మందు కాదులే తల్లీ

గుంటూరులో బీ ఫార్మసీ చేసి, న్యూజెర్సీలో క్లినికల్ ట్రయల్ కోఆర్డినేటర్‌గా చేరినప్పుడు నాకు అక్కరకొచ్చేది ఫార్మకాలజీ ఒక్కటే అనుకున్నాను. తెలుగు సంగతి తట్టనే లేదు. పైగా పేషెంటుతో మన భాషలో మాట్లాడకూడదట. ఇంగ్లిష్ రానివాళ్లకి ఫోన్లో దుబాసీని పెట్టాలి, అక్కడి రూలు అది.

అలా వచ్చారొక మామ్మగారు (ఆనవాలు తెలియకుండా వివరాలు కొన్ని మార్చాను). కొత్త బీపీ మందుని పాతదానితో పోల్చి చూసే ట్రయల్. ఒక గుంపుకి ఎప్పటినుంచో ఉన్న 'ప్రిల్' జాతి మందు (పేరు చివర 'ప్రిల్' అని ఉండేవి), రెండో గుంపుకి కొత్తది. చూడ్డానికి క్యాప్సూళ్లన్నీ ఒకటే. ఆవిడ మింగేది ఏదో ఆవిడకీ, నాకూ, డాక్టరుకీ కూడా తెలియదు.

ఎనిమిదో వారం. "మీకు ప్రతికూల సంఘటనలు ఏవైనా సంభవించాయా?" అని స్పీకర్లో దుబాసీ గొంతు.

మామ్మగారు కాస్త ఆలోచించి, "అలాంటివేం లేవు నాయనా, కోడలు మంచిదే" అన్నారు.

దుబాసీ అడిగింది ఒంట్లో వచ్చిన నలత గురించి. అలాగని 'దగ్గు వస్తోందా' అని నేను సూటిగా అడగకూడదు. అలా పేరుపెట్టి అడిగితే లేనివాళ్లు కూడా ఉందనుకుంటారు. 'కిందటిసారి వచ్చి వెళ్లాక ఒంట్లో ఎలా ఉంది' అనే అడగాలి. దానికి మన పెద్దవాళ్ల దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది: బాగానే ఉంది. కొడుకు సెలవు పెట్టి తీసుకొచ్చాడాయె, డాక్టరేమో మంచివాడాయె. ఇక నలత ఏమని చెప్తారు?

బీపీ మాత్రం బాగాలేదు. నాలుగో వారానికి 134కి దిగిన పై అంకె మళ్లీ 152. వెనక్కి తెచ్చిన సీసాలో క్యాప్సూళ్లు లెక్కపెట్టాను, సరిపోయాయి. మందు మానలేదు. మరి మందే పనిచేయట్లేదని రాసుకోవాలా?

చేతికి కట్టిన పట్టీ విప్పుతుంటే ఆవిడ పక్కకి తిరిగి రెండుసార్లు పొడిగా దగ్గారు. సంచీ జిప్పు తీసి, గోధుమరంగు పుల్లముక్క బుగ్గన పెట్టుకున్నారు. ఆ వాసన నాకు తెలుసు. దుబాసీ లైన్లో ఉండగానే నోరు జారి తెలుగులో అడిగేశాను.

"ఏంటండీ అది?"

"అతిమధురం. రాత్రుళ్లు దగ్గు నిద్రపోనివ్వట్లా. కషాయంలోనూ వేస్తన్నా."

"వేరే మందులేవీ వాడట్లేదన్నారుగా?"

"ఇది మందు కాదులే తల్లీ."

'ప్రిల్' మందులకి పొడి దగ్గు పేరుమోసిన గుణం. ఈ జాతిలో మొదటిదైన కాప్టోప్రిల్ అమెరికాలో 1981లో వచ్చింది. దగ్గు సంగతి డాక్టర్లకి గట్టిగా పట్టుబడింది ఆ తర్వాతే. దగ్గుని చూసి బీపీ మాత్రని ఎవరనుమానిస్తారు? ఇక అతిమధురం రోజూ ఎక్కువగా తింటే ఒంట్లో ఉప్పూ నీరూ నిలిచి పొటాషియం పడిపోతుంది, బీపీ పెరుగుతుంది. అంటే ఆ పుల్లముక్క వెనకాల దగ్గు దాక్కుంది, ఆ పుల్లవల్లే బీపీ అంకె కూడా పాడై ఉండొచ్చు.

రక్తం తీశాం. పొటాషియం 3.4 వచ్చింది. కనీసం 3.5 ఉండాలి. అతిమధురం ఆపమన్నారు డాక్టరు. దగ్గు మొదలైన తేదీ, తీవ్రత, మందుతో సంబంధం ఉందా లేదా, అన్నీ లాగ్‌లో ఎక్కించాం. ఆస్పత్రిలో చేరేంత జబ్బు కాదు కాబట్టి 24 గంటల్లో కంపెనీకి కబురు పెట్టాల్సిన పని లేకపోయింది. నేను రూలు తప్పి తెలుగులో మాట్లాడిందీ రాశాను. పొరపాటు పడితే వైట్‌నర్ పూయడం ఉండదిక్కడ. ఒక్క గీత కొట్టి పక్కన పొడి అక్షరాలు, తేదీ వేయాలి.

వారం తిరక్కుండా కంపెనీ నుంచి ప్రశ్న: 'అతిమధురం అనగా ఏమి?' గ్లిసిరైజా గ్లాబ్రా అని దాని శాస్త్రీయ నామం రాసి బదులిచ్చాను. 'మోతాదు?' అని ఇంకోటి. "లెక్కేముంది, నోటికి పట్టినంత" అన్న మామ్మగారి మాటని ఏ గడిలో రాయను!

దగ్గు తగ్గకపోయేసరికి తర్వాత ట్రయల్ మందు కూడా ఆపారు. మూడు వారాల్లో తగ్గింది. మందు ఆపినా ఆవిడ పేరు తీసేయలేదు, చివరిదాకా బీపీ చూస్తూనే ఉండాలి. లేకపోతే మందు పడనివాళ్లంతా లెక్కలోంచి జారిపోయి, పడినవాళ్లే మిగులుతారు.

పన్నెండో వారం మామ్మగారు ఒక గుడ్డసంచీతో వచ్చి బల్ల మీద బోర్లించారు. సొంఠి, పిప్పళ్లు, మిరియాలు, వాము, మోకాళ్లకి రాసుకునే తైలం.

"ఇయ్యన్నీ రాసుకో" అన్నారు, దుబాసీ కలవకముందే.