మొదటి వరుస కోసం

లక్షల వరుసలుండే లావాదేవీల నివేదికను తెరిచినవారు చాలాసేపు ఖాళీ తెరను చూస్తూ కూర్చోవలసి వస్తోందని ఫిర్యాదులు రావడంతో, దాన్ని సరిచేసే పని నాకు అప్పగించారు. డేటాబేస్‌ను అడిగే ప్రశ్నకు, అంటే క్వెరీకి, చేయగలిగిన మరమ్మతులన్నీ చేశాక, ఏ దశకు ఎంత సమయం పట్టిందో చూపే ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ చూస్తే, అంత డేటాను చదవడానికి పట్టే సమయం ఇక పెద్దగా తగ్గదని అర్థమైంది. అందువల్ల నివేదిక ఎప్పుడు పూర్తవుతుందన్నది పక్కన పెట్టి, మొదటి వరుస ఎప్పుడు కనిపిస్తుందన్నదే కొలవసాగాను. స్పందన ఒక సెకను దాటితే ఆలోచన తెగుతుందని, పది సెకన్లు దాటితే ధ్యాస మరలుతుందని వినియోగ సౌలభ్య నిపుణుడు జేకబ్ నీల్సన్ 1993లో చెప్పిన హద్దులనే ప్రమాణంగా తీసుకున్నాను.

అలా కొలిచినప్పుడు, వరుసలు దారిలో ప్రతి మజిలీలోనూ ఆగుతున్నాయని బయటపడింది. తేదీ మీద తగిన ఇండెక్స్ (వరుసలను క్రమంలో వెతికిపెట్టే సూచిక) లేనందున మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ అన్నింటినీ సార్ట్ చేశాకే తొలి వరుసను వదులుతోంది. ఇండెక్స్ చేర్చి ఆ అడ్డు తొలగించాక చూస్తే, డేటాబేస్ నుంచి ఫలితాన్ని అందుకునే డ్రైవర్ దాన్నంతటినీ మెమరీలో నింపుకుని గాని మా ప్రోగ్రామ్‌కు ఇవ్వడం లేదు. ఎక్కడిదాకా ఇచ్చిందో డేటాబేస్ దగ్గరే గుర్తుంచుకునే సర్వర్ వైపు కర్సర్‌తో విడతలుగా తెచ్చుకోవడం మొదలుపెట్టాను. కర్సర్‌ వాడితే, అందులో పదో వంతు వరుసలే అడుగుతారన్న అంచనాతో క్వెరీని ఎలా నడపాలో నిర్ణయించే పోస్ట్‌గ్రెస్ ప్లానర్ తొలి వరుసలు త్వరగా వచ్చే ప్లాన్ వైపు మొగ్గుతుంది కాబట్టి, అడగకుండానే మరికొంత మేలు జరిగింది. అయినా తెర ఖాళీగానే ఉంది! మా ప్రోగ్రామ్‌కూ బ్రౌజర్‌కూ మధ్యలోని ప్రాక్సీ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్ చిన్న చిన్న ముక్కలను బఫర్‌ అనే తాత్కాలిక నిల్వలో పట్టి ఉంచుతోంది. ఈ నివేదిక వరకు ప్రాక్సీ బఫరింగ్ ఆపాను. చివరికి వరుసలు రావడం మొదలైంది గానీ, కొత్తవి చేరినప్పుడల్లా బ్రౌజర్ నిలువు వరుసల వెడల్పును మళ్లీ లెక్కించడంతో పట్టిక కుదుపులకు లోనయ్యేది. టేబుల్ లేఅవుట్‌ను ఫిక్స్‌డ్‌గా మార్చి, వెడల్పులు ముందే నిర్ణయించాక అది కుదురుకుంది.

తిరిగే చక్రం బొమ్మ పెడితే చాలునని కొందరు అన్నారు. పని ఎంతవరకు వచ్చిందో చెప్పని బొమ్మ వల్ల ఖాళీ తెరకన్నా ఒరిగేది స్వల్పమే అని నా అభిప్రాయం.

మొత్తాల వరుస ఒక్కటే ఈ పద్ధతికి లొంగలేదు, ఎందుకంటే అన్నీ చదవనిదే మొత్తం తేలదు, అది పట్టికకు పైనే ఉండాలని వాడేవారి పట్టుదల. దాన్ని, క్వెరీ ఫలితాన్ని నిల్వ చేసి ఉంచే మెటీరియలైజ్డ్ వ్యూలో ముందుగానే లెక్కించి ఉంచాను. ఆ వ్యూను చివరిసారి తాజాపరచిన (రిఫ్రెష్) తర్వాత చేరిన లావాదేవీలు ఆ అంకెలో ఉండవు కాబట్టి, అది ఏ సమయానికి వేసిన లెక్కో పక్కనే చూపుతున్నాము.