అప్పగించిన పని, అప్పగించని పని

సుందరకాండ 41వ సర్గ నాటికి హనుమంతుడు వచ్చిన పని అయిపోయింది. రాముని పేరు చెక్కిన ఉంగరం సీతమ్మ చేతికి అందింది, ఆమె ఇచ్చిన చూడామణి తన దగ్గర భద్రంగా ఉంది. తిరుగు ప్రయాణానికి ముందు ఆయన తనలో తాను ఇలా తర్కించుకుంటాడు:

కార్యే కర్మణి నిర్దిష్టే యో బహూన్యపి సాధయేత్ ।
పూర్వకార్యావిరోధేన స కార్యం కర్తుమర్హతి ॥

అప్పగించిన పనికి భంగం రాకుండా మరికొన్ని పనులు కూడా చక్కబెట్టగలవాడే ఆ పనికి తగినవాడని భావం. శత్రువు బలమెంతో తేల్చుకుని వెళ్ళడం మేలని తలచి, ఆ వెంటనే అశోకవనాన్ని ధ్వంసం చేశాడు. ఈ శ్లోకాన్ని చొరవ చూపమన్న ఉపదేశంగా చెప్పడం పరిపాటి గాని, నాకు మాత్రం దీని బరువంతా రెండో పంక్తి మొదట్లోని ‘పూర్వకార్యావిరోధేన’ (అప్పగించిన పనికి భంగం రాకుండా) అన్న మాటలోనే ఉన్నట్టు తోస్తుంది. ఎందుకంటే, లంకను తగులబెట్టాక 55వ సర్గలో హనుమంతుడు ఒక్కసారిగా ఉలిక్కిపడి, ఈ మంటల్లో జానకి కూడా దగ్ధమైతే స్వామికార్యాన్ని నా చేతులతో నేనే చెడగొట్టినట్టు గదా అని కుమిలిపోతాడు. ఆమె క్షేమంగా ఉన్నదని ఆకాశంలో సంచరించే చారణుల మాటల్లో వినేవరకు ఆయన మనసు కుదుటపడదు.

ఒకరి తరఫున ఏది చేయవచ్చు, ఏది చేయకూడదు అన్నది మన ఇళ్ళలోనూ ఎదురయ్యే ప్రశ్నే. విశాఖలో పిల్లలు విదేశాల్లో ఉన్న ఇళ్ళు చాలానే ఉన్నాయి. సింహాచలంలో అర్చకస్వామి అడగగానే తల్లి తమ గోత్రంతో పాటు ఎక్కడో ఉన్న కొడుకు పేరు, నక్షత్రం చెబుతుంది, అర్చన అతని తరఫున జరిగిపోతుంది. అదే కొడుకు మధురవాడ ఫ్లాటు అద్దెకిచ్చుకోమని మాత్రమే తండ్రి పేర పవరాఫ్ అటార్నీ రాసిస్తే, ఆ కాగితంతో ఫ్లాటు అమ్మే అధికారం కన్నతండ్రికైనా రాదు. (ఈ తేడా పట్టించుకోక మన ఇళ్ళలో పుట్టిన తగాదాలు తక్కువేమీ కాదు.)

వీపున మోసుకుపోతానని హనుమంతుడు అన్నప్పుడు సీతమ్మ ఒప్పుకోకపోవడానికి చెప్పిన కారణాల్లో ఇదీ ఒకటి: రావణుని జయించి తనను తీసుకువెళ్ళడం రాముడే చేయదగిన పని. ఆ మాట అంగదునికి అంత సులువుగా ఎక్కలేదు. హనుమంతుడు సముద్రం ఇవతలికి వచ్చి లంకలో జరిగినదంతా చెప్పగా విన్న తరువాత, ఆమెను చూసి కూడా వెంటబెట్టుకోకుండా రాముని ఎదుటికి ఏ ముఖంతో వెళ్ళడం, మనమే లంకను గెలిచి తీసుకుపోదామని పట్టుబట్టాడు. సీతను వెదకమని మనల్ని పంపారే గాని తీసుకురమ్మనలేదని, సీతను గెలిచి తెస్తానన్న ప్రతిజ్ఞ రామునిదని జాంబవంతుడు వారించాడు. యువరాజు అంగదుడే అయినా వానరులందరూ జాంబవంతుని మాటకే తలవంచి కిష్కింధ దారి పట్టారు.