ఆ ఒక్క ‘పాస్’ దగ్గర

పన్నెండు దాటింది. పడుకుందామంటే ఆ రెండు లైన్లే కళ్ల ముందు తిరుగుతున్నాయి. రాసేస్తే పోతాయేమో.

‘గాలి’ సంగతి పోయిన వారం చెప్పాను కదా, కంప్యూటర్‌తో రేడియో వినే గ్నూ రేడియో అనే సాఫ్ట్‌వేర్‌కి నేను కట్టుకున్న మాడ్యూల్. లోపల ఉన్నది, మీడియం వేవ్‌లో మా ఇన్వర్టర్ గరగర తగ్గించడానికి సీ ప్లస్ ప్లస్‌లో రాసుకున్న బ్లాకు. దాన్ని కట్టి కంప్యూటర్‌లో పెట్టే సీమేక్, మేక్, ఇన్‌స్టాల్ అన్నీ ఒక్క తప్పు లేకుండా అయ్యాయి. బ్లాకులన్నీ కలిపి గీసుకున్న ఫ్లోగ్రాఫ్ నడిపితే ‘గాలి అనే మాడ్యూల్ లేదు’ అంది. ఇది తొందరగానే తేలింది. గ్నూ రేడియో 3.10 నుంచి మనం రాసుకునే మాడ్యూళ్లు కూడా ‘గ్నూరేడియో’ అనే పేరు కిందకే వెళ్తాయి. బ్లాకుని ఎలా పిలవాలో చెప్పే నా పాత వైఎమ్ఎల్ ఫైల్లో ఉత్త ‘ఇంపోర్ట్ గాలి’ అని ఉంది. ‘ఫ్రమ్ గ్నూరేడియో ఇంపోర్ట్ గాలి’ అని మార్చాను. ఇన్‌స్టాల్ అయిన ఫోల్డర్‌ని పైథాన్‌పాత్‌లో, అంటే పైథాన్ వెతికే చోట్ల జాబితాలో, చేర్చాను. మాడ్యూల్ దొరికింది. దొరికాక, ‘గాలిలో ఆ బ్లాకు లేదు’ అంది.

సాయంత్రమంతా ఇక్కడే పోయింది. కొత్త లైబ్రరీలని సిస్టమ్‌కి గుర్తుచేసే ఎల్‌డీకాన్ఫిగ్ రెండుసార్లు నడిపాను. హెడర్ ఫైలు మారిందేమోనని, సీ ప్లస్ ప్లస్‌ని పైథాన్‌కి కలిపే బైండింగ్ మళ్లీ చేయించాను. అమ్మ వచ్చి, “ఏటిరా, తినీసి కూకోకూడదా” అని వెళ్లింది. చివరికి, మాడ్యూల్‌కి అచ్చు పోసిచ్చే మాడ్‌టూల్ తయారుచేసి ఇచ్చే ఇనిట్ ఫైలు, అదే మాడ్యూల్‌ని పిలవగానే ముందు నడిచేది, తెరిచి చదివాను. సీ ప్లస్ ప్లస్ భాగాన్ని ‘ట్రై’లో పిలుస్తుంది. ఆ మాడ్యూల్ దొరక్కపోతే ‘ఎక్సెప్ట్’ కింద ఒకటే మాట: ‘పాస్’, ఏమీ చేయకుండా ముందుకెళ్లిపో అని. లోపల అసలు సరుకే లేకపోయినా నోరెత్తదు. ఆ ట్రై తీసేయగానే సంగతి బయటపడింది. సీమేక్ నేను విడిగా పెట్టుకున్న కోండాలోని పైథాన్ 3.12 ని పట్టుకుంది, గ్నూ రేడియో నడిచేదేమో ఉబుంటులోని పైథాన్ 3.10 తో. కట్టగా వచ్చిన డాట్ ఎస్ఓ ఫైలు పేరులోనే 312 అని ఉంది, పైథాన్ 3.10 దానివైపు చూడనైనా చూడదు. బిల్డ్ ఫోల్డర్ తుడిచేసి, సరైన పైథాన్ చూపించి మళ్లీ కట్టాను. పది నిమిషాల పని.

అంత కోపం ఎందుకొచ్చిందా అని చేయి కడుక్కుంటూ ఆలోచిస్తే తిత్లీ తుఫాను గుర్తొచ్చింది. 2018 అక్టోబర్ 11, తెల్లవారుజాము. కొబ్బరిచెట్లు ఒకదాని వెనక ఒకటి పడుతున్న చప్పుడు. వెలుతురొచ్చి చూస్తే పెరట్లో ఆకాశం తప్ప ఏమీ లేదు. కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు. పలాసలో ఉన్న అత్తయ్య వాళ్లు ఎలా ఉన్నారో తెలీదు. నాన్న పాత ట్రాన్సిస్టర్ తీసి, టార్చి లోంచి బ్యాటరీలు లాగి వేశాడు. అరుగు మీద వీధి వీధంతా చేరింది. విశాఖ స్టేషను 927 కిలోహెర్ట్జ్ మీద. నాన్న రేడియోని ఒళ్లో పెట్టుకుని కొంచెం కొంచెంగా తిప్పేవాడు. లోపల యాంటెన్నాగా పనిచేసే ఫెర్రైట్ కడ్డీ ఉంటుంది, దాని మొన స్టేషను వైపుంటే మాట సన్నగిల్లిపోతుంది, అడ్డంగా తిరిగితే గట్టిగా వస్తుంది. ఈ లెక్క నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, నాన్నకి చేతులకే తెలుసు. “గరగర వస్తోందంటే బతికుందిరా. నిశ్శబ్దం అయిపోతేనే భయం” అన్నాడు.

అందుకే ఆ పాస్ నన్నంత మండించింది.

కాకపోతే, ఇందాక మళ్లీ తెరిచి చూశాను. ఆ లైను పైన, మాడ్యూల్ అంతా పైథాన్‌లోనే రాస్తే ఇది తప్పొచ్చు అని వ్యాఖ్య ఉంది. సీ ప్లస్ ప్లస్ రానివాళ్ల దారికి అడ్డం పడకూడదని పెట్టారన్నమాట. నేను మొదట రాసిన బ్లాకు కూడా పైథాన్‌దే. ఆ రోజు ఆ పాస్ లేకపోతే నేను మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయేవాణ్ణి. మరి తిట్టుకోవాలా? పాస్ ఉండనీ. దాని ముందు ఒక్క ప్రింటు ఉంటే నా సాయంత్రం మిగిలేది. ఇంతవరకైతే వెనక్కి తగ్గను.

పదకొండున్నరకి బ్లాకు నడిచింది. గరగర అడుక్కి దిగింది, దాని మీద ఎవరిదో పాట, ఒడియానో బెంగాలీనో. నాన్న లేచొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“కాస్త అడ్డంగా తిప్పు.”

తిప్పడానికి కడ్డీ లేదు, యాంటెన్నాగా కిటికీ లోంచి మునగచెట్టుకి కట్టిన తీగ ఉంది. బయటికెళ్లి దాన్నే పట్టుకుని పక్కకి లాగాను.