అంబాసిడర్‌కు మళ్లీ కార్బొరేటర్

నాన్నగారు నల్లగొండలో ఉద్యోగం చేసే రోజుల్లో కొన్న మా అంబాసిడర్ 1800 ఐఎస్‌జెడ్ ఎంపీఎఫ్ఐ, అంటే కంప్యూటర్ ఆజ్ఞతో ఇంజెక్టర్లు పెట్రోలు చిమ్మే బండి. రెండేళ్లు రేకుల షెడ్డులో నిలిచిపోయిన కాలంలో ఎలుకలు దాని వైరింగును కొరికివేయగా, ఆ సంగతి చూడకుండా బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొట్టడంతో ఆ కంప్యూటర్, అంటే ఈసీయూ, కూడా పోయింది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది కనుక కొత్తది దొరకలేదు. బాగుచేయించి తెచ్చిన పాతది రెండుసార్లూ వారం తిరగకుండానే మొరాయించింది. చివరకు ఇంజెక్షన్ తీసేసి, కంప్యూటర్ లేకుండానే పెట్రోలును గాలిలో కలిపే కార్బొరేటర్ పెట్టించాను. మంచి ఈసీయూ దొరికేవారు ఈ మార్పిడికి దిగవద్దనే నా అభిప్రాయం.

ఈ 1817 సీసీల ఇసుజు ఇంజిన్ మొదట కార్బొరేటర్‌తోనే వచ్చింది, కాంటెస్సా 1.8 జీఎల్‌లో ఉన్నదీ అదే. అందువల్ల తుక్కుకు పోయిన ఒక కాంటెస్సా కారు నుంచి మానిఫోల్డు (సిలిండర్లకు మిశ్రమాన్ని పంచే గొట్టాలు), కార్బొరేటర్, డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంటు పంచేది) మూడూ కలిపి కొన్నాను. వాటిని చూసి మా ఉస్తాద్ అన్న మాట ఇది: “కార్బొరేటర్ బిగించుడు ఒక్క పూట పని సార్. కంప్యూటర్ చేసే పనులన్నీ ఇప్పుడు ఎవలు చేయాలె?”

ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికే నెల పట్టింది. పెట్రోలు, గాలి పాళ్లను వెంచురీలో, అంటే కార్బొరేటర్ సన్నని మెడలో, పుట్టే పీల్పు, పెట్రోలును కొలిచి వదిలే జెట్ల రంధ్రాలు చూసుకుంటాయి. ఇగ్నిషన్ టైమింగును, అంటే ప్లగ్గులో రవ్వ పడే క్షణాన్ని, వేగాన్ని బట్టి డిస్ట్రిబ్యూటర్‌లోని బరువులు, లోడును బట్టి వాక్యూం డబ్బా ముందుకు జరుపుతాయి. మేము ఆ వాక్యూం గొట్టాన్ని తొలుత తప్పు చోట తగిలించినందున బండి స్లోలో బాగానే ఉండి, యాక్సిలరేటర్ తొక్కగానే తడబడింది. దానికి జెట్లను నిందిస్తూ రెండు రోజులు వృథా చేశాము.

అసలు ప్రమాదం పంపులో ఉన్నది. ట్యాంకులోని ఇంజెక్షన్ పంపు సుమారు మూడు బార్ల ఒత్తిడితో పెట్రోలు పంపుతుంది. కార్బొరేటర్‌కు 0.2 నుంచి 0.3 బార్ చాలు. అంతకు మించితే కార్బొరేటర్ గిన్నెలో తేలే ఫ్లోటు నడిపే సూది ఆపలేక పెట్రోలు పొంగి వేడి ఇంజిన్ మీద పడుతుంది. అందుకని పాత పంపును తీసివేసి తక్కువ ఒత్తిడి గల ఎలక్ట్రిక్ పంపు పెట్టించాను. ఇంజిన్ ఆగిన వెంటనే పంపును ఆపే పని కూడా ఇదివరకు ఈసీయూదే కాబట్టి, ఆయిల్ ప్రెషర్ పడిపోగానే కరెంటు తెగేలా ఒక స్విచ్చు, రిలే వేయించాను. ఈ ఖర్చు దండగ అని చెప్పేవారి మాట వినకూడదు.

ఇక మే నెల వచ్చింది. నార్కట్‌పల్లి దగ్గర చాయ్ కోసం పావుగంట ఆపితే బండి తిరిగి స్టార్ట్ కాలేదు. ఇంజెక్షన్ బండిలో పెట్రోలు ఒత్తిడిలో ఉండడంవల్ల అంత త్వరగా మరగదు; కార్బొరేటర్ గిన్నెలో మాత్రం ఆగిన ఇంజిన్ నుంచి పైకెక్కే వేడికి మరిగి, ఆవిరై మానిఫోల్డులోకి చేరి మిశ్రమాన్ని మితిమీరి చిక్కన (గాలి తక్కువ, పెట్రోలు ఎక్కువ) చేస్తుంది. అప్పుడు యాక్సిలరేటర్ పెడల్‌ను పదేపదే కొట్టకుండా, పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొడితే గాలి ఎక్కువగా పోయి ఇంజిన్ అందుకుంటుంది. తర్వాత కార్బొరేటర్ అడుగున వేడిని ఆపే మందపాటి బేకలైట్ పలక వేసి, సైలెన్సర్ గొట్టానికి దగ్గరగా పోతున్న పెట్రోలు పైపును పక్కకు మళ్లించాము. మిశ్రమం ఇంకా చిక్కనై ప్లగ్గులు నల్లబడుతున్నందున మెయిన్ జెట్‌ను ఒక సైజు తగ్గించాము.

చట్టం సంగతి కూడా చూసుకోవలసి ఉంటుంది. తయారీదారు ఇచ్చిన వివరాలకు, ఆర్‌సీలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చరాదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. పొల్యూషన్ పరీక్ష ఎలాగూ తప్పదు. మిశ్రమం చిక్కనైతే, పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా వేడెక్కి పాడవుతుంది. అందుకే, అవసరమైతే బండిని పాత రూపానికి తేవడానికి, విప్పిన ఇంజెక్టర్లనూ, వైరింగునూ, చచ్చిన ఈసీయూనూ ఒక గోనెసంచిలో కట్టి, ఈసారి ఎలుకలకు అందకుండా అటక మీద పెట్టాను.